పొడుగు గొట్టం

మిస్సోరీ కొండల్లో ఏప్రిల్.
రాత్రి డ్యూటీ దిగి ఏడుంబావుకి ఇల్లు చేరతాను.
చేతులకి శానిటైజర్ వాసన, కళ్లలో ఇసుక.
కర్టెన్ లాగి, ఒక చెవి దిండుకి ఆనించగానే
ఢామ్మని
వర్లిన్ స్ట్రౌడ్ తుపాకి.
నిద్ర స్టీలు పళ్లెంలా
కింద పడి, గిరగిరా తిరిగి తిరిగి ఆగేది.

మూడో రోజు వెళ్లి అడిగాను.
డెబ్బై రెండేళ్ల పొట్టి మనిషి,
టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.
"నాన్సీ," అన్నాడు. నాంచారి ఆయన నోట పలకదు.
"ఈ టర్కీ కోళ్ల కోసం ఏడాదంతా ఎదురుచూస్తాను.
నీ నిద్ర సంగతి నాకు తట్టనేలేదు."

వారం తిరక్కుండా ఓ పొడుగాటి అట్టపెట్టె వచ్చింది.
అందులో నల్లని గొట్టం,
వాళ్ల నాన్న ఇచ్చిన తుపాకి గొట్టం కంటే పొడుగు.
కొస దగ్గర వరసగా చిన్న చిన్న కన్నాలు,
పాట రాని పిల్లనగ్రోవి.
నా ముందే మర తిప్పి బిగించాడు.
తుపాకి ఆయన్ని దాటి పెరిగిపోయింది.
"పొగా మంటా కోపమూ ఈ కన్నాల్లోంచి
కొంచెం కొంచెంగా పోతాయట. తూటా కూడా నెమ్మదిదే.
ఇంక నువ్వు పడుకో."

పడుకున్నాను.
పడుకుని వింటూ ఉన్నాను.
ఎప్పటికో, పక్కింట్లో ఎవరో
బియ్యం డబ్బా మీద మూత పెట్టినట్టు ఒక చప్పుడు.
అదేనా? కాదా?
ఢామ్మంటే తిట్టుకుని అటు తిరిగి పడుకునేదాన్ని.
ఈ మెత్తని చప్పుడుకి
తొమ్మిదైనా కన్ను మూతపడలేదు.

సెలవు రోజున నన్నూ తీసుకెళ్లాడు.
ఓక్ చెట్టుకి వీపులు ఆనించి, ఆకుల రంగు చొక్కాల్లో,
మంచుకి తడిసిన గడ్డి మీద ఇద్దరం.
గొట్టం కొసని పంగలకర్ర మీద పెట్టాడు,
జ్వరమొచ్చిన పిల్లాడి తల ఒళ్లో పెట్టుకున్నట్టు.
పలక మీద పుల్ల గీరి పెట్టకూత కూశాడు.
లోయ అవతల నుంచి గడగడమని బదులు.

పుంజు వచ్చింది. కుడివైపు నుంచి వచ్చింది.
ఆయన తిప్పబోతే గొట్టం డాగ్‌వుడ్ కొమ్మకి తగిలి
తెల్ల రేకలు జలజలా రాలాయి.
పుంజు మా ఇద్దరి ముఖాలూ తీరిగ్గా చూసి వెళ్లిపోయింది.
వర్లిన్ నోరు మూసుకునే నవ్వాడు, భుజాలు ఊగేలా.
"ఇంత పొడుగుతో చేపలు పట్టుకోవాలి," అన్నాడు.

ఎనిమిదింటికి జంటగా రెండు.
గుండెల మీద గడ్డాలు,
తలలు ఎరుపు, నీలం, తెలుపు మారుతూ,
ఎండలో రాగి బిందెలు నడిచొస్తున్నట్టు.

బియ్యం డబ్బా మూత పడింది.
ఒకటి ఒరిగింది.

రెండోది ఎగరలేదు.
దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు కదా.
పడినదాని చుట్టూ తిరిగింది.
మెడ వంచి చూసింది, ముక్కుతో ఓసారి పొడిచింది,
లే, పద, అన్నట్టు.
పిలిచింది. ఆగి, మళ్లీ పిలిచింది.

మా వార్డులో నాలుగో నంబరు మంచం
తెల్లవారుజామున ఇలాగే ఖాళీ అవుతుంది.
రబ్బరు చక్రాలు, మెత్తని బూట్లు,
మేం కష్టపడి నేర్చుకున్న చిన్న గొంతు.
ఏడింటికి ఐదో మంచం పెద్దాయన కర్టెన్ వైపు తిరిగి
"ఏమోయ్, కాఫీ వచ్చిందా?" అంటాడు.

వర్లిన్ లేవలేదు.
"అది పోయేదాకా కూర్చుందాం," అన్నాడు.
నలభై నిమిషాలు. నా ఎడమ కాలు తిమ్మిరెక్కిపోయింది.

ఇప్పుడు జూన్.
గొట్టం వాళ్ల వసారాలో మూలకి ఆనించి ఉంది.
కందిరీగలు కన్నాల్లో మట్టి కూరుతున్నాయి.
ఆయన వాటిని తోలడం లేదు.

నేను పగలు పడుకుంటాను.
ఒక చెవి దిండుకి ఆనించి
రెండో చెవిని బయటే వదిలేస్తాను.