గోలీ చప్పుడు

రెండు చలికాలాల కిందట వచ్చిన జ్వరం
పోతూ పోతూ నా ముక్కులోని లోకాన్ని పట్టుకుపోయింది, రోరీ.
లవంగమైనా బొగ్గైనా ఒకటే నాకిప్పుడు.
అందుకే ఈ క్రిస్మస్ వంట నీది.
నేను ఈ కుర్చీలోంచి కదలను.
ఏప్రన్ కట్టుకో. అలా కాదు, ముడి వెనక్కి.

ముందు లెక్క.
ఎన్నింటికి మొదలెట్టాలని అడక్కు,
ఎన్నింటికి తినాలో చెప్పు.
రెండింటికా? అక్కణ్ణుంచి వెనక్కి నడువు.
ఒంటిగంటకి టర్కీ కోడి బయటికి రావాలి,
పదింటికి లోపలికి పోవాలి,
తొమ్మిదింటికే ఫ్రిజ్ చలి వదిలించుకోవాలి.
మీ తాత క్లిఫర్డ్ ఒక ఏడాది
ఐసుగడ్డలాంటి కోడిని ఓవెన్లోకి తోశాడు.
పైన మాడింది. లోపల డిసెంబరు.

రాత్రే ఉప్పు రాశావుగా? తొడలకీ?
సరే.

దుంపలు పది నిమిషాలు ఉడకనిచ్చి, వార్చి,
ఆవిరంతా పోయేదాకా ఊరుకో.
ఇప్పుడు మూతపెట్టి కుదుపు,
కాస్త కసిగా, లెక్కల మాస్టారిని తలుచుకుని.
అంచులు నలిగి బూజులా లేవాలి.
కరకరంతా ఆ నలిగినచోటే పుడుతుంది.
బాతుకొవ్వు బాగా కాగిందో లేదో
నాకు చూపించనక్కర్లేదు, వినిపించు:
ఒక్క దుంప వెయ్.
చుయ్యిమనలేదు. తీసెయ్.
మూగ కొవ్వులో పడ్డ దుంప
తాగి తాగి బరువెక్కుతుంది, అంతే.

ఇరికించకు.
ఒకదాన్నొకటి ఆనుకుంటే వేగవు, ఉక్కపోతకి ఉడుకుతాయి.

ఇక ఈ బుడ్డ క్యాబేజీలు.
విట్బీ బడి వంటగదిలో ముప్పై ఒక్కేళ్లు
వీటిని గంటసేపు ఉడకబెట్టి బూడిదరంగుకి తెచ్చాను.
ఈ ఊళ్లో సగంమంది వీటిని అసహ్యించుకుంటే
ఆ పాపం నాది, ఒప్పుకుంటున్నాను.
సగానికి కొయ్. కోసిన ముఖం పెనం మీదికి.
ముట్టుకోకు. ముట్టుకోకన్నానా!
ఆ గోధుమరంగు మచ్చ పడేదాకా
చేతులు జేబులో పెట్టుకో.

తొడలో పుల్ల గుచ్చు.
రసం ఎర్రగా ఉందా, తేటగానా? నువ్వే చూడు,
నా కళ్లద్దాల నిండా ఆవిరి.
తేటగానా? దించు. రేకు కప్పు. ఒదిలెయ్.
అందరూ ఆకలని అరుస్తారు,
మీ అత్త మార్జరీ కత్తి పట్టుకునే వస్తుంది.
గంటసేపు దానికి నిద్ర కావాలని చెప్పు.
ఇప్పుడే కోస్తే రసమంతా చెక్కమీదికి పోయి
మనకి దూది మిగులుతుంది.

ట్రే కడగొద్దు!
అడుగున అంటుకున్నది మురికి కాదు, గ్రేవీ.
పిండి చల్లి, గరిటెతో గోకి, నీళ్లు కొద్దికొద్దిగా.

పుడ్డింగు గురించి నీకు చెప్పేదేముంది?
నవంబరు ఆదివారం అందరం వరసగా
తూర్పు నుంచి పడమటికి తిప్పాం కదా,
తలా ఒక కోరిక కోరుకుని.
నేనేం కోరానో అడక్కు.
ఒక్క కిటుకు మాత్రం మా అమ్మది:
ఆవిరి గిన్నె అడుగున గోలీ వెయ్.
టకటకలాడినంతసేపూ నీళ్లున్నట్టు.
ఆగిందా, పరుగెత్తు.

ఇటు రా. మూత కొంచెం ఎత్తు.
ఎలా ఉంది వాసన?
బాగుంది అంటే కుదరదు. పద్నాలుగేళ్లొచ్చాయి,
ఇంకో మాట వెతుక్కో.
నారింజ తొక్క, ఊఁ,
హీటరు మీద ఆరేసిన ఉన్ని కోటు, ఊఁ,
ఏమన్నావ్? మళ్లీ చెప్పు.
తాత షెడ్డా?
తారు పూసిన తాళ్లు, ఆయన పైపు డబ్బా,
వాన పడ్డ రోజు తలుపు తీస్తే వచ్చేదే,
అదేనా?

నాకేం రాలేదు.
రాలేదు గానీ, నువ్వు ఆపకు.
షెడ్లో ఎడమవైపు అరలో ఏముండేదో అదీ చెప్పు.

ఉండు, ఉండు.
గోలీ వినిపిస్తోందా నీకు?
కెటిల్ అందుకో, రోరీ.
మరుగుతున్న నీళ్లే పొయ్, చన్నీళ్లు కాదు.