మూడు వంకలు

పచ్చితొక్క నలుపు వదలని వేళ్ళతోనే
ఒదిల్ అత్త కాగితం అందుకుంది.
బోర్డో ల్యాబ్ నుంచి నేనే తెచ్చాను,
కొలిచిందీ నేనే.
గానుగరాయి ఆగి ఉంది.
ఇనప బాణలిలో అక్రోటు ముద్ద వెచ్చబడుతోంది,
ఓక్ కట్టెల పొగ
దూలాలు పట్టుకుని వేలాడుతోంది.

"నువ్వే చదువు, కళ్ళజోడు ఇంట్లో మరిచాను."
కళ్ళజోడు ఆమె మెడలోనే ఉంది.

నూటికి యాభై ఎనిమిది పాళ్ళు లినోలేయిక్.
పదిహేడు ఓలేయిక్.
పదమూడు ఆల్ఫా లినోలెనిక్.
పామిటిక్ ఏడు, స్టియరిక్ మూడు...
"పేర్లొద్దు. ఏది ఎలా ఉంటుందో చెప్పు."

పొయ్యి పక్క బుట్టలోంచి
ద్రాక్ష పుల్లలు తీశాను.
నిటారువి నాలుగు బల్ల మీద పేర్చాను.
ఇవి వెన్నలో ఎక్కువ అత్తా,
ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకుంటాయి,
చలేస్తే ముడుచుకుని గడ్డ కడతాయి.
ఇంకో పుల్లని ఒకచోట వంచాను, ఓలేయిక్.
రెండుచోట్ల వంచాను, లినోలేయిక్.
మూడో వంక దగ్గర పుల్ల
టప్పుమంది.
వంక ఉన్నది పక్కదానితో ఒదగదు,
సందు మిగులుతుంది.
ఆ సందుల పుణ్యాన
జనవరిలో కూడా నూనె పారుతుంది.

"వంకల్లేనిది గడ్డకట్టేది,
వంకలున్నది వాగయ్యేది" అంది అత్త
పుల్లలు అటూ ఇటూ దొర్లిస్తూ.
"మీ మామయ్యకి ముప్పై ఏళ్ళు వంకలు పెట్టాను.
ఒక్కనాడూ గడ్డకట్టలేదు మనిషి."

పెరిగూ వ్యాపారి మాట చెప్పాను.
సీసా మీద గుండెకి మంచిదని వేస్తే
మూడు యూరోలు ఎక్కువిస్తాడట.

అత్త బాణలి వంక చూసింది, నా వంక కాదు.
"ఫిర్మాన్ రోజూ పొద్దున్నే చెంచాడు తాగేవాడు.
అరవై ఒకటో ఏట, నవంబరులో,
ఆ ప్రెస్సు పిడి మీద చెయ్యి ఉండగానే."
కాసేపు గరిటె తిప్పింది.
"చావుకి ఏదో ఒక వంక దొరుకుతుంది.
బతకడానికి నూనె ఒక్కటే వంక కాదు."

అంతా అబద్ధం కాదన్నాను.
వెన్నకి బదులు ఇది వాడినవాళ్ళకి
చెడ్డ కొలెస్టరాల్ కాస్త తగ్గింది.
కాస్తే. సగటున.
ఆ సగటు మనిషి మా ల్యాబ్‌కి
ఎప్పుడూ రాలేదు.

"బదులు," అంది అత్త, పట్టుకుని.
"ఆయన వెన్నకి బదులు తాగలేదు,
వెన్న తిన్నాక తాగాడు,
తాగాక సిగరెట్టు ముట్టించాడు.
బదులన్న ముక్క పట్టేంత చోటుందా లేబుల్ మీద?"

లేదు.

కాగితం అడుగున చిన్న అంకె ఒకటి మిగిలింది,
గామా టోకోఫెరాల్.
అది కాపలాదారు అన్నాను.
గాలి వచ్చి తగులుకునేది వంకల దగ్గరే,
మేలు చేసే చోటే తూట్లు పడతాయి.
ఇది అడ్డం నిలబడి
తనే ఖర్చైపోతుంది.
అది అయిపోయిన మర్నాటి నుంచి
నూనె కనరెక్కడం మొదలు.

అప్పుడు రాయమంది. బల్ల మీద ఒంగి రాశాను:
వెలుగు చూపించకండి.
పొయ్యి మీద పెట్టకండి.
మూత తీశాక చల్లగా దాచి
రెండు మూడు నెలల్లో వాడేయండి.
గుండె ఊసు లేదు.

రాస్తుంటే మోచేయి కింద నున్నగా తగిలింది.
ఒలికిన నూనెంతా మామయ్య
ఈ బల్లకే రుద్దేవాడు, గుడ్డ మడిచి,
ప్రతి చలికాలం.
సీసాలో నూనెని చెడగొట్టే ఆ గాలే
ఇక్కడ దాన్ని పొరలు పొరలుగా గట్టిపరిచింది.
ఆయన గిన్నె పెట్టే చోట
గుండ్రటి మచ్చ ఇంకా ఉంది.
దీన్ని ఏ పాళ్ళలో కొలవాలో అడగలేదు అత్త,
అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

పుల్లలన్నీ పోగేసి పొయ్యిలోకి తోసింది.
విరిగినది కింద పడితే
ఒంగి వెతికి, అదీ వేసింది.
"లే. ముద్ద మాడుతోంది."