వెనక స్ప్రింగులు

టమాటాలెక్కిన ప్రతి తెల్లవారుజామునా
నా జిగులీ వెనక భాగం
గొంతుక్కూర్చున్న ముసలాయనలా కుంగిపోయేది.
గతుకొస్తే చాలు, మడ్‌గార్డు టైరును కొరికేది.
హెడ్‌లైట్లు రోడ్డు సంగతి మానేసి
పోప్లార్ చెట్ల కొసల్లో కాకిగూళ్లు వెతికేవి.
ఎదురొచ్చే లారీవాళ్లు
నాకు తెలియని బూతులు కూడా నేర్పి పోయారు.
షమ్‌కిర్ నుంచి బాకూ దగ్గర దగ్గర నాలుగొందల కిలోమీటర్లు.

షాహ్మార్ ఉస్తా గోతిలోకి దిగి,
పాత స్ప్రింగులు ఊడదీసి నేలమీద నిలబెట్టాడు.
ఒకటి రెండోదానికంటే బొటనవేలంత పొట్టి.
"ఎడమవైపు ఎక్కువ పెడతావు కదూ," అన్నాడు.
ఇరవై ఏళ్ల నా అలవాటు ఇనుముకి తెలిసిపోయింది.

కొత్తవి స్టేషన్ వ్యాగన్‌వి, తీగ లావు.
అడుగున రెండు రబ్బరు బిళ్లలు, పొడుగు షాకులు.
సగం డబ్బులిచ్చాను, సగం టమాటాలు.
చేతులు కిరసనాయిలుతో తుడుచుకుంటూ చెప్పాడు:
"బరువుకి చేసినవి. ఖాళీగా తోలావా,
నీ పళ్లు నువ్వే ఏరుకుంటావు."

ఇరవై ఎనిమిది పెట్టెలెక్కించాను.
బండి మీద గిన్నెడు నీళ్లు పెట్టినా తొణకలేదు.
దించాక చూడాలి దాని వాలకం!
నిద్రలేచి ఒళ్లు విరుచుకునే పిల్లిలా
తోక పైకి, ముక్కు మట్టిలోకి.
వీధిలో పిల్లలు దాని వెనక నడుములెత్తి నడిచేవారు.

మే నెలలో ధర పడిపోయింది.
అక్రోటు చెట్టు కింద పెట్టెలు అలాగే ఉండిపోయాయి.
ఆ రాత్రే, లెక్కకి రెండు వారాల ముందే,
నురంగిజ్‌కి నొప్పులు మొదలయ్యాయి.

వెనక సీటు ఎప్పుడో పీకేశాను, ముందే కూర్చోబెట్టాను.
మా ఊరి దారి మీకు తెలియదు,
వాన వెళ్తూ వెళ్తూ దున్నిపోయిన దారి.
మొదటి గుంటకి తలగుడ్డ పళ్ల మధ్య పెట్టుకుంది.
రెండోదానికి నా భుజం కొరికింది.
మూడోదానికి, "ఆపు," అంది.
నెమ్మదిగా పోతానన్నాను.
"నెమ్మదిగా పోయినా తన్నేది తన్నుతుంది. వెనక్కి తిప్పు.
పెట్టెలెక్కించు."

వాకిట్లో దీపం పట్టుకుని అత్త అరుస్తోంది,
పిల్లనా టమాటాలనా ముందు మొయ్యాల్సింది,
పిచ్చెక్కిందా మీకిద్దరికీ అని.
నేను ఎక్కిస్తున్నాను. నురంగిజ్ తలుపు పట్టుకుని
నొప్పికీ నొప్పికీ మధ్య లెక్కపెడుతోంది.
"పదహారు. చాలదు. ఇంకో నాలుగు.
ఎడమవైపే పెట్టకు, దేవుడా, సమంగా పెట్టు!"

ఇరవయ్యోదానికి బండి
పొడుగ్గా ఊపిరి వదిలి కూర్చుంది.
అదే దారి. అవే గుంటలు.
ఎవరో కింద అరచేతులు పరిచినట్టు పోయాం.
గంజా దాకా ఆమె ఒక్కసారే తిట్టింది,
అదీ నన్ను కాదు, ధరని.

ఆస్పత్రి గేటు దగ్గర కాపలావాడు టార్చి వేసి
"బజారు అటు," అన్నాడు.

తెల్లారేసరికి ఆడపిల్ల. మూడు కిలోల నూటయాభై గ్రాములు.
తరానా అనే నర్సు తూకం చెబుతుంటే
నాకు షాహ్మార్ ఉస్తా మొహం గుర్తొచ్చింది:
ఈ మాత్రానికి ఆ స్ప్రింగు చీమ ఎక్కిందని కూడా అనుకోదు.
సంతోషం పట్టలేక పంచిపెట్టాను.
డాక్టరుకి, నేల తుడిచే అమ్మలకి,
పక్క మంచాల వాళ్ల చుట్టాలకి,
ఆ కాపలావాడికి రెండు పెట్టెలు.

మూడో రోజు ఇంటికి పంపారు.
పసిగుడ్డుని గుడ్డల్లో చుట్టుకుని
నురంగిజ్ మెట్లు దిగి బండివైపు చూసింది.
తోకెత్తుకుని నిలబడి ఉంది.
తర్వాత నావైపు చూసింది.

గంజా బజార్లో ఆ పూట
అంత బరువూ అంత చవకా అయినది
ఉప్పొక్కటే దొరికింది.
ఆరు బస్తాలు.

పిల్లకిప్పుడు నాలుగేళ్లు.
ఊళ్లో ఎవరు ఊరగాయ పెట్టుకున్నా
గిన్నె పట్టుకుని మా ఇంటికే వస్తారు.
ఇంకా బస్తాన్నర ఉంది.