మడమ

టాల్‌బర్న్ కంపెనీ చేతులు మారిన కబురు
నిజ్వా సూక్‌కు ఏడాది ఆలస్యంగా వచ్చింది,
అట్టడబ్బాల.

తుపాకీ కొత్తది, పేరు పాతదే.
గొట్టం మీద అవే వంపు అక్షరాలు, అదే గుర్రం తల.
సాలిమ్ బిన్ ఖల్ఫాన్ కండ్లు మూసుకొని
లీవర్ కిందికి గుంజిండు, మీదికి కొట్టిండు.
అంగట్ల కుండ కొనేటప్పుడు మా అవ్వ
వేలుతో కొట్టి విన్నట్టు విన్నడు.
ఇంకోసారి.
తర్వాత నా దిక్కు జరిపి
"దీనికి జలుబు చేసింది" అన్నడు.

నేను వడ్ల నాంపల్లిని. మాది కోరుట్ల పక్కన.
తాత నాగళ్లు చెక్కిండు, నాయిన తలుపులు చెక్కిండు,
నేను పదహారేండ్ల సంది
తుపాకుల మడమలు చెక్కుతున్న.
ఒక్కటన్న పేల్చి ఎరుగ.
మడమ ఉంటది గని తుపాకీ నడవదు,
మోసేటోడు నడుస్తడు.

పాతదాంట్ల కట్టె ఇనుమును అంటిపెట్టుకొని ఉంటది,
మధ్యల గోరు దూరదు.
కొత్తదాంట్ల బియ్యపు గింజ పడుతది.
మరల తలలు తలో దిక్కు చూస్తయి,
తగువు పడి ఫొటోకు నిలబడ్డ వియ్యంకుల లెక్క.
గురి ముక్క వెంట్రుకంత ఎడమకు వాలింది.
లీవర్ సగం దాకా వచ్చి
ఆలోచనల పడుతది.

దాద్ మహమ్మద్ చెప్పిండు, చాయ్ ఊదుకుంట:
"మిషన్లను లారీల కెత్తి ఇంకో ఊరికి తోల్కపోయిన్రట.
మనుషులను ఎత్తలేదట.
ఎంత రాకాలె, ఎక్కడ ఆపాలె,
అది కాయిదం మీద లేకుండె.
వాళ్ల బొటనవేళ్లల్ల ఉండె."

ఆ చలికాలమే సాలిమ్ కండ్లు మూసిండు,
ఈసారి వినుటానికి కాదు.
కొడుకులు దుకాణం మస్కట్ కంపెనీకి అమ్మిన్రు.
బోర్డు దించలేదు, పేరుకు సుత ధర కట్టిన్రు.
సామాన్ల జాబితా నేనే రాయించిన:
లేత్ ఒకటి. ఆకురాళ్లు నలబై రెండు. బీరువాలు రెండు.
మమ్మల్ని ఇద్దర్ని వేరే కాయిదం మీద రాసిన్రు.
నా బతాకా మీద కఫీల్ గడిల కొత్త పేరొచ్చింది.
ఫొటో పాతదే, మీసం నల్లగ.

ఒక శుక్రవారం, మేకల అంగడి ఒడిసినంక,
వహీబీ ముసలాయన రెండు తుపాకులు తెచ్చిండు.
ఒకటి ఆయన తండ్రిది,
ఒకటి మనుమని కోసం మొన్న కొన్నది.
లైసెన్సులు రెండూ బల్ల మీద పరిచి
"దీని మాట దానికి నేర్పు" అన్నడు.

పాతదాని మడమ పలక విప్పిన.
లోపట, కట్టె ఒంటి మీద, పెన్సిల్ గీతలు:
రెండక్షరాలు, ఒక తారీకు.
ఎవడో రంగు వెయ్యకముందే రాసి, పలకతోటి మూసిండు.
మరల బిగించిన ఆ చేతికి తెలుసు
ఇంకోడు విప్పితే తప్ప ఇది కనపడదని.
అరవై ఏండ్లకు విప్పింది నేను.
దాద్ మహమ్మద్‌ను పిలువలే. కాసేపు అట్లనే చూసిన.

కొత్తదాన్ని విప్పిన. లోపట ఏం లేదు.
రంపపు పొట్టు, ఒక బార్‌కోడ్ చీటీ.

మూడు రాత్రులు.
ఏసీ ఆపి, చెవికి మోపి,
ఆకురాయి రెండు రుద్దులు, ఆగుడు, వినుడు.
పలక బిగించే ముందు పెన్సిల్ నాలికకు తాకిచ్చి
తెలుగుల రాసిన: నాంపల్లి.
తారీకు రాయబోయి, ఇక్కడిదా మా ఊరిదా అని
ఉత్త పిచ్చి ఆలోచన. తారీకు ఒక్కటే కద.

ముసలాయన కండ్లు మూసుకొని గుంజిండు.
కిందికి. మీదికి.
"గొంతు వచ్చింది" అన్నడు.
"మా నాయిన దగ్గు రాలే."
నవ్విండు. నేను నవ్విన.
నాలుగు రియాల్లు లెక్కపెట్టి ఇచ్చిండు.

బిల్లు చింపి ఇచ్చిన.
మీద సాలిమ్ పేరే ఉంది.
కింద సంతకం పెట్టే జాగల
ఇప్పుడెవరి పేరు రాయాలెనో
ఇంకా ఎవ్వరూ చెప్పలే.