పాటు నీళ్ళు

దిండి రేవులో ఎక్కినప్పుడు
నలుగురం ఒకే ఫోటోలో పట్టాం.
రెండో రోజు మధ్యాహ్నానికి
అరవై అడుగుల పడవ చాలలేదు.

మొదట ఉప్పు.
రొయ్యల ఇగురులో ఎక్కువైందన్నాడు ఫణిభూషణ్,
వండినవాణ్ణి కాదు, పడవ కుదిర్చిన ఝాన్సీని చూస్తూ.
తర్వాత ఏసీ గది.
చీటీలు వేసింది నేనే కాబట్టి
నాకే రావడం నేరమైంది.
ఆ ఏసీ కూడా పదింటికి జనరేటరుతో పాటే ఆగింది.
చీకట్లో దోమల్ని కొట్టుకుంటుంటే
ఎవరు ఎవర్ని కొడుతున్నారో
చప్పుళ్ళని బట్టి తెలుస్తూనే ఉంది.

పేకాటలో ఇమ్మానుయేలు జోకరు దాచాడు.
దాచాడనే అనుకుంటున్నాను, ఇప్పటికీ.
ఆ ఒక్క ముక్క కిందనుంచి
ఇరవై రెండేళ్ళ కిందటి పాలిటెక్నిక్ బయటికొచ్చింది.
నా సర్వే రికార్డు చూసి రాసి
నాకంటే నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నవాడు
"ఇంకా గుర్తుందా నీకది?" అని నవ్వాడు.
గుర్తుంది.
నీ గీత బావుందని సారు మెచ్చుకున్న పేజీతో సహా.

పొద్దున్నే ఝాన్సీ ఫోన్లోంచి లెక్క చదివింది.
తలా తొమ్మిది వేల ఆరొందల డెబ్భై.
"తాగనివాడు తాగినవాడికెందుకు కట్టాలి?"
అన్నాడు ఫణి.
జవాబుగా ఆమె
వాడి పెళ్ళికి మేం చదివించిన మిక్సీ ధర చెప్పింది.

అంతే, నలుగురం నాలుగు మూలలకి.
అణియం మీద ఝాన్సీ, అమరం దగ్గర ఫణి,
మెట్ల మీద ఇమ్మానుయేలు,
పైన ప్లాస్టిక్ కుర్చీలో నేను.
గుర్రపుడెక్క గుబుర్లు మాత్రం
పెళ్ళికి పోయే చుట్టాల్లా ఒకదాన్నొకటి పట్టుకుని
సముద్రం వైపు పోతున్నాయి.

అప్పుడు పడవా ఆగింది.
కుదుపు లేదు.
అలిగిన మనిషి చతికిలబడ్డట్టు
మెల్లగా బురదలో కూర్చుంది.

సరంగు ఏసుపాదం గెడ దింపి చూశాడు.
మూర తడిసింది.
"పాటండి. నీరు లాగేసింది.
తమరి మాటల్లో పడి నేనూ చూసుకోలేదండి, ఆయ్."

అన్నీ విన్నాడన్నమాట.

పోటెప్పుడన్నాం. పొద్దుగూకాకన్నాడు.
ఈలోగా?
"ఈలోగా ఏముందండీ, కూకోటమే."

మేం డబ్బిచ్చి తేలుతున్న నదిలో
ఒక కొంగ నడుచుకుంటూ పోయింది.
ఒడ్డున దింపు తీసేవాడు చెట్టుమీంచి
"కూరుకుపోయారా?" అని కేకేస్తే
ఎవరం పలకలేదు.
దూరంగా చించినాడ వంతెన మీద
లారీల దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి.

చీకటి పడ్డాక పడవ కింద
ఎవరో గుటక వేసిన చప్పుడు.
గాలిలో ఉప్పు.
పొద్దున పోయిన డెక్కే కాబోలు
సిగ్గు లేకుండా తిరిగొస్తోంది.

"అందరూ ఎడం పక్కకి రండి,
బరువంతా ఒక్కచోట ఉండాలి" అన్నాడు ఏసుపాదం.
వచ్చాం. కమ్మీ పట్టుకుని, భుజాలు ఒరుసుకుంటూ,
ఎవరి మొహం వాళ్ళు నీళ్ళలోకి పెట్టుకుని.
"ఊగండి" అన్నాడు.
ఊగాం. నలభై దాటిన వాళ్ళం నలుగురం.
మూడో ఊపుకి అడుగున బురద చప్పరించి వదిలింది.
ఇమ్మానుయేలు తూలి నా మీద పడి
"సారీ" అన్నాడు.
దేనికని అడగలేదు.
కాలు తొక్కినందుకే అయ్యుంటుంది.

"ఇంక సర్దుకోండి బాబూ, చాలు" అన్నాడు సరంగు.
కాసేపు ఎవరం కదల్లేదు.
పడవ ఎడమకి ఒరిగే నడిచింది.

రాత్రి పప్పులో ఉప్పు లేదు.
ఎవరం అనలేదు.
ఫణి ఉప్పు గిన్నె ఝాన్సీ వైపు జరిపాడు.
ఆమె చూసింది,
తీసుకోలేదు,
వెనక్కీ జరపలేదు.