ముందుమాట

కృష్ణపట్నం రేవులో మూడో నంబరు ఎగరేశారంట.
టీవీలో అమ్మాయి చెయ్యి గుండ్రంగా తిప్పతా
దానికేదో పేరు చెప్పింది, నాకు నోరు తిరగలా.
పేరేదైతే ఏముంది,
మా పొర్లుకట్ట కిందికి
గాలి మైపాడు వైపు నుంచీ
నీళ్ళు సోమశిల వైపు నుంచీ వస్తాయి.
మధ్యలో మేముంటాం:
రేకుల కప్పు, రెండు కుట్టుమిషన్లు, ఒక అత్త.

అత్త మంచంలో నుంచే మొదలుపెట్టింది.
"బియ్యం డబ్బా అటక మీదికి.
అగ్గిపెట్టెలు బియ్యంలోకి.
ఆధారు, రేషను కార్డు, పట్టా కాగితం
పాల కవర్లో చుట్టి, ఇంకో కవర్లో చుట్టి…
రవికెలో కాదే, చెమటకి సిరా పోద్ది,
స్టీలు క్యారేజీలో పెట్టు."

చెంగల్రాయుడు రేకుల మీద పాత ఆటో టైర్లు పేర్చి
టైరుకీ టైరుకీ నైలాను తాడు బిగించాడు.
పోయినసారి లేచిపోయిన రేకు కోసం
జాఫర్‌సాహెబ్ కాలవ దాకా వెతికాం.
దొరికింది, ఎవరి కొట్టం మీదో.
కింద పసిబిడ్డ నిద్రపోతా ఉంటే
మాదని అనలేక తిరిగొచ్చాం.

గోడ మీద అప్పటి నీళ్ళ గీత
ఎన్ని సున్నాలేసినా లొంగలా.
మిషను బల్ల ఆ గీతకి జానెడు కింద.

అన్నీ సర్దాక ఒకటే మిగిలింది,
ఖాశింబీతో మాట్లాడటం.
ఈ వరసలో మిద్దె ఆమెదొక్కటే.

మే నెలలో ఆ మిద్దె మీద
నేను ఆరేసిన సగ్గుబియ్యం వడియాలు
వాళ్ళ మేకపోతు తినేసింది.
నేను మేకనొక మాటన్నా.
ఆమె వడియాలనొక మాటంది.
కాసేపటికి మేకా వడియాలూ పక్కకి పోయి
మేమిద్దరమే మిగిలాం.
అప్పట్నించీ కుళాయి కాడ బిందెలు తగులుకుంటాయి గానీ
మా చూపులు తగల్లా.

అత్త అంది:
"కొవ్వొత్తులు వానలో కూడా దొరకతాయి, రెట్టింపు ధరకి.
మాట అట్టా దొరకదు.
నీళ్ళొచ్చినాక మెట్లెక్కితే దిక్కులేక ఎక్కినట్టు.
ఇప్పుడెక్కితే చూసిపోను వచ్చినట్టు."

ఆమె జాకెట్టు గుడ్డ మే నుంచీ నా కాడే ఉంది,
నెమలిపింఛం రంగు,
కుట్టలా, తిరిగీ ఇయ్యలా.
రాత్రి కరెంటు పోయాక
సెల్లు వెలుగులో హుక్సులేశా.
కొలతలు ఎవర్నీ అడగలా,
చేతులకి గుర్తున్నాయి.

పొద్దున్నే మెట్లెక్కుతుంటే
మలుపులో కట్టేసిన మేకపోతు
నా వంకే చూస్తా నెమరేసింది.
ఖాశింబీ వంగి
మిద్దె తూములో ఆకులు పెరికేస్తా ఉంది.
తిరిగి చూళ్ళా.
"మిషన్లు రెండూ తెస్తన్నావా, ఒకటేనా?"

నేను బదులు చెప్పబోతా మూలకి చూశా.
ఊడ్చి, తుడిచి ఉంది.
ఇటికలు ఎనిమిది,
మిషనుకి నాలుగు లెక్కన.
పక్కన నవారు మంచం, దాని మీద దుప్పటి,
అత్త కోసమని ఎవరూ చెప్పలా.

మధ్యాన్నానికి మబ్బు పెన్నమ్మ మీదికి దిగింది.
మిషన్లు ఎక్కాయి.
కుర్చీతో సహా అత్త ఎక్కింది,
దారంతా మోసేవాళ్ళకి దారి చెప్తా.
మొదటి చినుకు రేకుల మీద టప్పున పడ్డప్పుడు
ఖాశింబీ జాకెట్టు తొడుక్కుని చూసుకుంటా
భుజాల కాడ బిగుతని తిడతా ఉంది.

అది నా కుట్టు తప్పు కాదు,
ఈ అయిదు నెలల్లో ఆమె ఒళ్ళు చేసింది.
ఆ సంగతి
వాన వెలిశాక చెప్తా.