మూడో గేరు

ఆటోనగర్‌లో లోహిత్ షాపు గోడకి గ్రాఫులు,
ముందు గీత నల్లగా, తరవాతి గీత ఎర్రగా.
"అన్నా, నీ బండికి కంపెనీవాడు ముక్కుతాడేసి ఇచ్చాడు.
నేను విప్పుతాను, అంతే."
చేతిలో అగ్గిపెట్టెంత డబ్బా.
పాతికవేలు. గొట్టం, ఫిల్టరు కలిపితే ముప్పై ఎనిమిది.

నాది పన్నెండేళ్ల పికప్పు.
రాత్రి రెండున్నరకి ఫిషింగ్ హార్బర్లో
కింద ఐసు, మధ్యలో కోనెం, పైన మళ్లీ ఐసు.
టన్నూ పావని చీటీలో ఉంటుంది,
అసలెంతో స్ప్రింగు పట్టీలకే తెలుసు.
ఎస్.కోట దాటి ఘాటీ మొదలవగానే రెండో గేరు.
పన్నెండేళ్లుగా రెండో గేరు.
వెనక లారీవాడు లైట్లు కొడతాడు.
మోటార్ సైకిళ్ల కుర్రాళ్లు నా కిటికీ పక్కనే
కబుర్లు చెప్పుకుంటూ దాటిపోతారు.

కంచరపాలెంలో జిలానీ సాయిబు
ఎవరితో మాట్లాడినా బోనెట్‌లోంచి తల తియ్యడు.
"ముసలెద్దు తోక కింద మిరపకాయ రాస్తే
పరిగెడుతుంది బాబూ. అది బలమా, మంటా?
రేడియేటర్లో ఉప్పు కడిగించు.
ఇంజెక్టర్లు చూపించు. నీ బ్రేకు షూలు అప్పడాల్లా ఉన్నాయి.
ఎక్కడం గురించి అందరూ అడుగుతారు.
దిగడం గురించి ఒక్కడూ అడగడు."

విన్నాను.
లోహిత్ దగ్గరికే వెళ్లాను.

ఎన్.ఏ.డి. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే
కాలికింద ఎవరో నిద్ర లేచినట్టయింది.
అద్దంలో చూస్తే వెనక ఊరు లేదు, పొగే.
తైడ దాటాక ఆ పెద్ద మలుపు
మూడో గేరులో.
అంత చేపతో, అంత ఐసుతో, మూడో గేరులో.
టర్బో ఈలేసింది. నేనూ ఏదో అరిచాను,
ఏమరిచానో క్లీనర్ గురునాయుడు నన్నడిగితే చెప్పడు, నవ్వుతాడు.

పదకొండు నిమిషాలు కలిసొచ్చాయి.
అరకులో కాటా గది ఇంకా తెరవలేదు.
పదకొండు నిమిషాలూ టీ తాగుతూ నిలబడ్డాం.

పంతొమ్మిదో రోజు డముకు దగ్గర క్లచ్చు పోయింది.
తెల్లారింది. పొద్దెక్కింది.
ఐసు కరిగిన నీళ్లు రోడ్డువార గీత గీసుకుంటూ
మాకన్నా ముందే కొండ దిగిపోయాయి.
లోయ చూడ్డానికొచ్చినవాళ్లకి సగం ధరకి కోనెం అమ్మాం.
ఒకావిడ చేపతో సెల్ఫీ దిగి
కొనకుండా చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది.

నూకరత్నం పుస్తకం తీసింది.
ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే మనిషి,
అంకెల దగ్గర మొగుడని చూడదు.
డబ్బా, గొట్టం, క్లచ్చు, బండి లాక్కొచ్చిన క్రేను, పోయిన చేప,
పొగ చూసి రాసిన చలానా.
"లీటరుకి కిలోమీటరున్నర తగ్గింది గూడా.
ఏటి మిగిలిందో సెప్పు."
చెప్పలేదు.
మలుపుని ఏ ఖాతాలో రాయమనను?

డబ్బా పీకించాను.
సగానికి తీసుకుంటానన్నాడు లోహిత్, ఇవ్వలేదు.
జిలానీ బ్రేకులు మార్చాడు, పట్టీ ఒకటి కలిపాడు,
రేడియేటర్లోంచి గుప్పెడు తుప్పూ ఉప్పూ తీసి
నా అరచేతిలో పోశాడు: "ఇదిగో, నీ హార్స్ పవర్."
బండి బాగుంది. సూది సగం దాటి వేడెక్కడం లేదు.
హార్బర్లో ఎవరైనా అడిగితే ఉన్నమాటే చెప్తాను:
ముందు బ్రేకులు, తరవాత టైర్లు, డబ్బా మాటెత్తకు.
చెప్తున్నంతసేపూ జేబులో అది
తాళాలకి తగిలి చప్పుడు చేస్తుంది.

పోయిన ఆదివారం గురునాయుడు రాలేదు.
అరకు బాకీలు తనే వసూలు చేస్తానని
నూకరత్నం ఎక్కింది.
ఘాటీ పొడుగునా పుస్తకం మీద టార్చి వేసుకునే ఉంది.
తైడ దాటింది. రెండులోకి దించాను.
టార్చి ఆర్పింది.
కిటికీ అద్దం చివరిదాకా దించి,
"ఇక్కడేనా?" అంది.